లెక్క తేలనప్పుడు ఎక్కడ వెతకాలో చెప్పే కెమెరా

మా ఆపరేషన్ థియేటర్‌లో పరికరాల మీద కన్నేసి ఉంచే కెమెరా సిస్టమ్ ఒకటి పెట్టారు. స్క్రబ్ నర్సుగా, అంటే స్టెరైల్‌గా ఉండి సర్జన్‌కు పరికరాలు అందించే నర్సుగా, దాని కింద నిలబడి పనిచేసేది నేనే. మీ దగ్గర కూడా ఇలాంటిది కొనాలనే మాట నడుస్తుంటే, డెమోలో కనబడని సంగతులు కొన్ని తెలియాలని రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్తాను: దీని జ్ఞాపకాన్ని నమ్మొచ్చు, లెక్కను, అంటే ఆపరేషన్‌లో వాడినవన్నీ తిరిగొచ్చాయా అని ఎంచి చూసే పనిని, మాత్రం దీని చేతికి ఇవ్వకూడదు. ఫలానా ఆలిస్ ఫోర్సెప్స్ (కణజాలాన్ని పట్టుకునే పరికరం) చివరిసారి ఎప్పుడు బల్ల మీద ఉంది, ఎటు వెళ్లింది అని అడిగితే ఇది చెప్పినంత బాగా నేను చెప్పలేను. మొత్తం ఎన్ని ఉన్నాయి అని అడిగితే మాత్రం నేనూ ఫ్లోర్ నర్సూ (స్టెరైల్ కాకుండా చుట్టూ పనులు చూసే నర్సు) పైకి చెప్పుకుంటూ కలిసి పెట్టిందే లెక్క.

ఇదంతా ఎందుకో ఓటీ (ఆపరేషన్ థియేటర్) బయట ఉన్నవాళ్లకు కొంచెం చెప్పాలి. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అతుల్ గవాండే బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. ఆపరేషన్ తర్వాత లోపల ఏదో ఒక వస్తువు ఉండిపోయిన 54 మంది రోగుల రికార్డులు తీసి చూశారు. మొత్తం 61 వస్తువులు తేలాయి. వాటిలో 69 శాతం గాజ్‌లు, మాప్‌లు, అంటే రక్తం పీల్చుకునే గుడ్డలు. మిగతావి పరికరాలు. ఎమర్జెన్సీ ఆపరేషన్లలో ఈ ప్రమాదం దాదాపు 9 రెట్లు, మధ్యలో అనుకోకుండా ప్లాన్ మారితే దాదాపు 4 రెట్లు ఎక్కువ. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఇంకో అంకె. లెక్క పెట్టిన కేసుల్లో 88 శాతంలో చివరి లెక్క సరిపోయిందనే అనుకున్నారు. శ్రద్ధగా లెక్క పెట్టారు, సరిపోయిందని నమ్మారు, అయినా వస్తువు లోపలే ఉంది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన 19 అంశాల చెక్‌లిస్టులో కూడా, రోగి థియేటర్ దాటకముందే పరికరాలు, గాజ్‌లు, సూదుల లెక్క పూర్తయిందని నర్సు పైకి చెప్పాలని ఉంది. కాబట్టి ఏ కొత్త యంత్రం వచ్చినా నేను దాన్ని ఒకే ప్రశ్నతో కొలుస్తాను: ఇద్దరం కలిసి తప్పుగా నమ్మిన లెక్కను ఇది పట్టుకుంటుందా?

మాకు వచ్చింది రెండు కెమెరాల సెట్. ఒకటి వెనక ట్రాలీకి నేరుగా పైన ఉంటుంది. రెండోది మేయో స్టాండ్ (రోగి పక్కనే ఉంచే చిన్న పరికరాల బల్ల) మీదుగా, ఆపరేషన్ జరిగే చోటు అంచుల దాకా చూస్తుంది. గోడకు స్క్రీన్, మూలన ఒక కంప్యూటర్ పెట్టె. వీడియో అంతా ఆ పెట్టెలోనే నడుస్తుంది, బయటికి పోదు. నెట్ పోయినా పని ఆగదు, ఇది పెద్ద ఊరట. ఆపరేషన్ ముందు పరికరాలు ట్రాలీ మీద పరిచాక ఫ్లోర్ నర్సు స్క్రీన్ మీద ఒకసారి నొక్కితే అది చూసి జాబితా వేస్తుంది. మేం చేత్తో పెట్టిన లెక్కతో పోల్చి ఒప్పుకుంటే అక్కడి నుంచి వెంబడించడం మొదలు. బల్ల మీద ఉన్నవి ఆకుపచ్చ, చేతుల్లో లేదా గాయం దగ్గర ఉన్నవి పసుపు, కాసేపటి నుంచి ఎక్కడా కనబడనివి ఎరుపు. నేను స్టెరైల్ కాబట్టి దేన్నీ తాకే పని లేదు. తల ఎత్తితే చాలు.

దీని విలువ నాకు తెలిసింది ఒక లాపరాటమీలో, అంటే పొట్ట కోసి చేసే ఆపరేషన్‌లో. పొట్ట మూసే ముందు లెక్కలో ఒక ఆలిస్ తగ్గింది. మళ్లీ పెట్టాం, మళ్లీ తగ్గింది. ‘‘సార్, ఒక ఆలిస్ తేలడం లేదు, ఆగండి’’ అని సర్జన్‌తో అన్నాను. ఆయన వెంటనే చేయి ఆపి లోపల చూడటం మొదలుపెట్టారు. మామూలుగా అయితే ఇక్కడి నుంచి టెన్షన్ మొదలవుతుంది. ఒకరు చెత్త బకెట్ తిరగేస్తారు, ఒకరు నేల మీద వెతుకుతారు, చివరికి ఎక్స్‌రే మెషిన్ పిలిపిస్తారు. అంతసేపూ రోగి మత్తులోనే ఉంటాడు. ఈసారి ఫ్లోర్ నర్సు స్క్రీన్ మీద ఎరుపు గడిని నొక్కింది. ఆ ఆలిస్ చివరిగా కనబడిన కొన్ని సెకన్ల వీడియో వచ్చింది. అసిస్టెంట్ దాన్ని తీసుకుని సక్షన్ ట్యూబ్‌ను డ్రేప్‌కు (రోగి మీద కప్పే స్టెరైల్ గుడ్డ) పట్టించాడు. కాసేపటికి దాని మీద ఇంకో డ్రేప్ పడింది. డ్రేప్ ఎత్తి చూస్తే అక్కడే ఉంది. ట్యూబ్ జారకుండా ఆలిస్ పెట్టడం ఓటీలో అందరూ చేసే పనే, అందుకే ఎవరికీ ప్రత్యేకంగా గుర్తుండదు.

ఈ ‘చివరిసారి కనబడింది’ అనే ఒక్క సౌకర్యం కోసం దీన్ని ఉంచుకోవచ్చని నేను మనస్ఫూర్తిగా అంటాను. ఆపరేషన్ మధ్యలో నర్సు మారేటప్పుడు కూడా ఇది బాగా ఉపయోగపడుతుంది. వచ్చేవాళ్లు, వెళ్లేవాళ్లు కలిసి లెక్క పెట్టాలన్నది నియమం, పెడతాం కూడా. కానీ గాయాన్ని తెరిచి పట్టే ఏ రిట్రాక్టర్ లోపల ఉంది, బిగించి పట్టే ఏ క్లాంప్ ఎక్కడ పట్టుకుని ఉంది అన్నది వెళ్లే మనిషి నోటితో చెప్పాల్సి వస్తుంది. ఇప్పుడు పసుపు జాబితా ఎదురుగా ఉంటుంది, ఒక్కో దాన్నీ చూపిస్తూ అప్పగిస్తాం.

ఇక తడబడే చోట్లు. ఇన్‌స్టాల్ చేసిన ఇంజినీర్ ఓపిగ్గా చెప్పింది విన్నాక అవి ఎందుకు వస్తాయో నాకు అర్థమైంది. కెమెరా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. ప్రతి ఫ్రేములో న్యూరల్ నెట్‌వర్క్ (బొమ్మలు చూసి నేర్చుకున్న ప్రోగ్రామ్) ఒకటి ఇక్కడ కత్తెర, ఇక్కడ నీడిల్ హోల్డర్ అని గడులు గీస్తుంది. ఇది గుర్తుపట్టడం వరకే. ఇందాకటి కత్తెర, ఇప్పటి కత్తెర ఒకటేనని తేల్చడం వేరే పని. అందుకోసం ప్రతి వస్తువూ తర్వాతి ఫ్రేములో ఎక్కడ ఉండొచ్చో ముందే అంచనా వేసి, నిజంగా కనబడిన గడులతో జత కలుపుతుంది. అంచనా వేసే లెక్క 1960లో కాల్మన్ ఇచ్చిన ఫిల్టర్, జత కలిపే లెక్క 1955లో కూన్ ప్రచురించిన హంగేరియన్ పద్ధతి. ఈ రెండింటినీ కలిపి వీడియోలో వస్తువులను వెంబడించే సార్ట్ అనే పద్ధతి 2016లో వచ్చింది. మా సిస్టమ్‌లో ఉన్నది ఆ దారిలో పుట్టినదే. ఒక్కో ఫ్రేముకు దొరికేది 33 మిల్లీసెకన్లు, ఆలోపే ఇదంతా ముగియాలి.

రోడ్డు మీద కార్లకైతే ఈ అంచనా బాగా కుదురుతుంది, ఎందుకంటే కారు ఉన్నట్టుండి మాయం కాదు. ఓటీలో పరికరం నా గ్లవ్ కిందికి పోతుంది, సర్జన్ అరచేతిలోకి పోతుంది, రక్తంతో తడిసి ఇంకో వైపు నుంచి తిరిగొస్తుంది. పైగా ఒకే రకం ఆర్టరీ ఫోర్సెప్స్ (రక్తనాళాన్ని బిగించే క్లాంపులు) ఆరు పక్కపక్కనే ఉంటాయి. అప్పుడు నంబర్లు తారుమారవుతాయి. మూడోది ఐదోదిగా, ఐదోది మూడోదిగా మారుతుంది. లెక్క వరకు నష్టం లేదు, ఆరు ఆరే. కానీ ఒకటి కనబడకపోతే, ఐదోది చివరిసారి ఇక్కడుంది అని అది చూపించే వీడియో నిజానికి మూడోదాని గురించి కావచ్చు. అందుకని ఒకే రకం వాటిలో ఒకటి పోయినప్పుడు మేం ఒక్క క్లిప్‌తో ఆగం. ఆ రకానివి బల్ల దాటి వెళ్లిన క్లిప్పులన్నీ చూస్తాం. ఆ వసతి ఉంది, కానీ మెనూలో ఎక్కడో లోపల ఉంది. గ్లవ్స్ వేసుకుని హడావుడిలో ఉన్న ఫ్లోర్ నర్సుకు అది మొదటి తెరమీదే దొరకాలి.

రెండో చిక్కు రూపాలది. కెల్లీ, క్రైల్ అనే క్లాంపులు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. సైజు, ఆకారం, వేళ్లు పెట్టే ఉంగరాలు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. క్రైల్‌కు దవడ పొడవునా గాట్లు ఉంటాయి, కెల్లీకి కొస వైపు కొంత మేరే. మూసి పెడితే ఆ గాట్లు కెమెరాకు కాదు కదా, నాకే కనబడవు, తెరిచి చూడాలి. కోకర్ అనే క్లాంప్ కొసన పంటి గాట్లు కూడా పై నుంచి చూస్తే తెలియవు. వంపు ఉన్న క్లాంప్‌ను పక్కకు తిప్పి పెడితే తిన్నగా ఉన్నట్టు అనిపిస్తుంది. మొదట్లో సిస్టమ్ వీటిలో ఏదో ఒక పేరు గట్టిగా చెప్పేసేది. తర్వాతి వెర్షన్‌లో కంపెనీ ఒక మంచి నిర్ణయం తీసుకుంది. తేడా తేల్చలేనివాటిని ‘మధ్య సైజు క్లాంప్’ అనే ఒకే గుంపుగా చూపిస్తోంది. తెలియని చోట తెలియదని ఒప్పుకునే యంత్రాన్ని నేను ఎక్కువ నమ్ముతాను. బాబ్‌కాక్, లాంగెన్‌బెక్, డీవర్, మేయో కత్తెర లాంటి విడిగా కనబడే రూపాలతో ఏ ఇబ్బందీ లేదు. మెట్జెన్‌బామ్ కత్తెరను కూడా పొడవాటి కాడ, పొట్టి బ్లేడ్ చూసి బాగానే పడుతోంది.

వెలుతురు సంగతి త్వరగా చెప్తాను. సర్జికల్ లైట్ మధ్యలో 40,000 నుంచి 1,60,000 లక్స్ (వెలుతురు కొలత) దాకా ఉంటుంది. సర్జన్ దాన్ని కొంచెం జరిపి ఆ వెలుగు మేయో మీద పడిందంటే, అద్దంలా మెరిసే స్టీలు తెల్లటి మచ్చగా మారిపోతుంది. మా సెట్లలో మ్యాట్ ఫినిష్ ఉన్నవి ఇందులో బాగా నయం. కొత్త సెట్లు కొనేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి, కంటికి కూడా హాయి.

గాజ్‌లు, మాప్‌ల దగ్గర నాకు తీరని అసంతృప్తి ఉంది. లోపల ఉండిపోయేవాటిలో ఎక్కువ భాగం ఇవే అయినప్పుడు, ఈ సిస్టమ్ బలహీనత కూడా ఇక్కడే ఉంది. పొడిగా మడత పెట్టి ఉన్నప్పుడు సరిగ్గా చెప్తుంది. రక్తంలో తడిసి ముద్దయ్యాక రెండు మాప్‌లు ఒక్కటిగా కనబడతాయి, ఒకటి రెండుగా కూడా కనబడుతుంది. బకెట్‌లో పడ్డాక ఇక దానికి ఏమీ తెలియదు. మేం పాత పద్ధతిలోనే విప్పి, ఒక్కోటీ వేలాడదీసి లెక్క పెడతాం. గాజ్‌లో ఎక్స్‌రేకు కనబడే బేరియం దారం ఉంటుంది కాబట్టి చివరి దారిగా ఎక్స్‌రే ఎలాగూ ఉంది. గాజ్‌ల కోసమే ఏదైనా కొనాలనుకుంటే, ఒక్కో గాజ్‌కు బార్‌కోడ్ లేదా రేడియో సంకేతంతో గుర్తుపట్టే ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్ ఉండే పద్ధతులు చూడండి. ఆ పనికి అవే సరైనవి. అలాగే పరికరాల మీద లేజర్‌తో చెక్కే చిన్న డేటామ్యాట్రిక్స్ కోడ్ సీఎస్ఎస్‌డీలో (పరికరాలను శుభ్రం చేసి స్టెరైల్ చేసే విభాగం) సెట్ కట్టేటప్పుడు బంగారం లాంటిది. ఆపరేషన్ మధ్యలో రక్తం అంటిన ఆ చుక్కల కోడ్‌ను పై నుంచి కెమెరా చదవలేదు. ఒకదాని పని ఇంకోటి చేస్తుందని అమ్మేవాళ్లు చెప్తే నమ్మకండి.

సూదులు కౌంటర్ డబ్బాలో వరుసగా గుచ్చి పెడితే బాగా లెక్కిస్తుంది. నీడిల్ హోల్డర్‌లో ఉన్న సన్నటి సూది దానికి కనబడదు. విరిగిన ముక్కల గురించి కూడా చెప్పాలి. కత్తెర స్క్రూ ఊడినా, లాపరోస్కోపిక్ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) పరికరం కొసన ఇన్సులేషన్ ముక్క పోయినా కెమెరా దృష్టిలో పరికరం తిరిగొచ్చినట్టే. ఆకుపచ్చ గడి వెలుగుతుంది. వాడిన పరికరం తిరిగి చేతికి వచ్చినప్పుడు మొత్తంగా ఉందా లేదా అని వేళ్లతో, కళ్లతో చూసుకోవడం మన పనే. మా జూనియర్లు ఆ గడి చూసి ఈ అలవాటు వదిలేస్తారేమోనని నాకు నిజంగా భయం. అందుకే వాళ్లకు నేర్పేటప్పుడు మొదటి కేసులన్నీ స్క్రీన్ ఆపి చేయిస్తాను.

శబ్దాల విషయంలో కంపెనీ మా మాట విన్నది. మొదట ఏ పరికరం కాస్త మరుగున పడినా బీప్ మోగేది. నేను ట్రాలీ మీదికి వంగితే నా తలే కెమెరాకు అడ్డం, బీప్. మత్తు డాక్టరు మానిటర్ శబ్దాలతో కలిసిపోయి అందరికీ చికాకు, కొన్నాళ్లకు ఎవరూ పట్టించుకోని స్థితి. అదే అసలు ప్రమాదం, ఎందుకంటే నిజమైన హెచ్చరిక కూడా ఆ రొదలో పోతుంది. ఇప్పుడు ఆపరేషన్ సాగుతున్నంతసేపూ రంగులు మారతాయి తప్ప శబ్దం లేదు. మూసే ముందు లెక్కలో తేడా వస్తేనే మోగుతుంది. ఇలా మార్చమని మీరు మొదటి రోజే అడగండి.

లాపరోస్కోపీ కోసం ఇచ్చిన భాగం వేరుగా ఉంది. అది స్కోప్, అంటే పొట్ట లోపలికి పంపే కెమెరా, తీసే వీడియోలోనే పరికరాలను గుర్తుపడుతుంది. ఈ రంగంలో పరిశోధనకు మూలంగా నిలిచిన కోలెక్80 అనే వీడియోల సముదాయం ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నుంచి వచ్చింది. 13 మంది సర్జన్లు చేసిన 80 పిత్తాశయం ఆపరేషన్లు, 7 రకాల పరికరాలు అందులో గుర్తించి పెట్టారు. గ్రాస్పర్, బైపోలార్, హుక్, కత్తెర, క్లిప్పర్, ఇరిగేటర్, స్పెసిమన్ బ్యాగ్. మా దాంట్లో కూడా పిత్తాశయం కేసులకు గుర్తింపు చక్కగా ఉంది, వేరే ఆపరేషన్లకు వెళ్లేసరికి తడబడుతోంది. పొగ, లెన్స్ మసక వస్తే కాసేపు ఆగిపోతుంది. శిక్షణకు ఇది మంచి సాధనం. హుక్ ఎంతసేపు వాడారు, క్లిప్పర్ ఎప్పుడు వచ్చింది అని పీజీ డాక్టర్లకు వీడియోలో నేరుగా ఆ చోటికి తీసుకెళ్లి చూపించొచ్చు. లెక్కకు మాత్రం సంబంధం లేదు, స్కోప్ ఎటు చూస్తే అంతవరకే దానికి తెలుసు.

కెమెరాలంటే మా నర్సులందరికీ మొదట ఒకటే భయం: రేపు ఏదైనా జరిగితే ఈ వీడియోతో మమ్మల్నే నిలదీస్తారా? అది సహజమైన భయం, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పెట్టే ముందే మేం కూర్చుని నియమాలు రాయించుకున్నాం. కెమెరాలు బల్లల వైపే వంగి ఉండాలి, ముఖాలు, రోగి ముఖం ఫ్రేములో రాకూడదు. మాటలు రికార్డు కాకూడదు. లెక్క సరిపోయిందని ఇద్దరూ ఒప్పుకున్నాక వీడియో చెరిగిపోవాలి. తేడా వచ్చిన కేసు వీడియో మాత్రమే ఉంటుంది, దాన్ని ఎవరు చూడాలో పేర్లతో రాసి ఉంది. ఈ కాగితం లేకుండా ఎవరూ ఒప్పుకోకండి.

అమ్మడానికి వచ్చినవాళ్లు కచ్చితత్వం శాతం ఒకటి చూపిస్తారు. ఆ అంకె పొడి పరికరాల మీద తీసిందా, రక్తంలో ఉన్నవాటి మీద తీసిందా అడగండి. మీ సెట్ల మీద తీసిందా, వాళ్ల దగ్గరున్న వాటి మీదా అడగండి. ఒక్కో ఫ్రేముకా, ఒక్కో ఆపరేషన్‌కా అన్నది కూడా తేల్చుకోండి. సెకనుకు 30 ఫ్రేములంటే గంటకు 1,08,000. నూటికి ఒకటి తప్పినా గంటలో 1,080 ఫ్రేములు తప్పు. వరసగా వచ్చే ఫ్రేములను కలిపి చూడటం వల్ల వాటిలో చాలా సర్దుకుంటాయి, కానీ ఆ సర్దుబాటు ఎంత బాగా జరుగుతుందో ఫ్రేము శాతం చెప్పదు. పొట్ట మూసే సమయానికి జాబితా సరిగ్గా ఉందా అన్నదే మనకు కావలసిన అంకె.

నాకు అన్నిటికన్నా బాధగా ఉన్న లోపం ఎమర్జెన్సీలది. పరికరాలు పరిచి, స్క్రీన్ నొక్కి, జాబితా ఒప్పుకున్నాకే ఇది వెంబడిస్తుంది. రక్తస్రావంతో రోగి వచ్చినప్పుడు అంత వ్యవధి ఎక్కడిది? సెట్ విప్పుతూనే క్లాంప్ అందిస్తాం. మధ్యలో ఇంకో సెట్ తెరుస్తాం, వాస్కులర్ క్లాంపులు విడిగా తెప్పిస్తాం. అప్పటికి సిస్టమ్‌కు మొదటి జాబితాయే లేదు కాబట్టి మూసేటప్పుడు దేంతో పోల్చాలో దానికి తెలియదు. ప్రమాదం 9 రెట్లు ఉన్న చోటే ఇది ఊరికే వెలుగుతూ ఉంటుంది. ముందే తేదీ పెట్టుకుని చేసే ఎలక్టివ్ కేసుల్లో దీనికి ఎంత మంచి మార్కులు వేసినా ఈ ఒక్కదానికి నేను బాగా తగ్గిస్తాను.

పరిష్కారం లేనిదేం కాదు. సీఎస్ఎస్‌డీ నుంచి వచ్చే ప్రతి సెట్‌కూ లోపల ఏమున్నాయో కాగితం ఉంటుంది. సెట్ ప్యాకెట్ మీది కోడ్‌ను ఫ్లోర్ నర్సు స్కాన్ చేస్తే ఆ జాబితా నేరుగా సిస్టమ్‌లోకి వచ్చేస్తే సరిపోతుంది. బల్ల మీద పరిచేదాకా ఆగక్కర్లేదు. మధ్యలో తెరిచిన సెట్లూ అలాగే చేరతాయి. విడిగా ఇచ్చే ఒక్కో పరికరాన్ని నేను పైకి పేరు చెప్తే అది విని చేర్చుకునే వీలు కూడా కావాలి, కానీ మాట రికార్డు చేసి దాచకుండా. ఈ రెండూ రాసి కంపెనీకి ఇచ్చాం. కోడ్ స్కాన్ వచ్చే అప్‌డేట్‌లో ఇస్తామన్నారు, మాట విషయం ఆలోచిస్తామన్నారు. కాంట్రాక్టు పొడిగించాలా అని మా ఓటీ ఇన్‌ఛార్జి మేడం అడిగినప్పుడు, ఎలక్టివ్ థియేటర్లో పొడిగించమని, ఎమర్జెన్సీ థియేటర్‌కు మాత్రం ఆ అప్‌డేట్ వచ్చి, నైట్ డ్యూటీ వాళ్లు వాడి చూసి బాగుందన్నాకే తీసుకోమని చెప్పాను.